నల్లమందు వద్దన్న రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగటిపూట గట్టిగా మాట్లాడకూడదు. బోధన్‌లో చెరకు ఆడించే కాలం వచ్చిందంటే బాపుకు చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పడేది. పొద్దున వచ్చి నాలుగు మెతుకులు తిని పడుకుంటే సాయంత్రం దాకా ఆయన నిద్రకు మేమంతా కావలి. ఉన్నవి రెండే గదులు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎనిమిది నెలల మా తమ్ముడికి పళ్లు రావడం మొదలైంది. చిగుళ్లు ఎర్రగా ఉబ్బి, చొంగకు గడ్డమంతా ఒరిసిపోయి, వాడు కళ్లు మూసిన పావుగంటకే కెవ్వుమని లేచేవాడు. అమ్మ చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ కొరకనిచ్చేది, వేలితో చిగుళ్లు నిమిరేది. కాసేపు ఊరుకుని మళ్లీ అందుకునేవాడు. బాపు మిషన్ దగ్గర నిలబడే కునుకు తీస్తున్నాడని తోటివాళ్లు ఇంటికొచ్చి చెప్పిపోయారు.

అది విని నాయినమ్మ భయపడింది. ఆమెకు ఉన్నది ఒక్కడే కొడుకు. సందుగలో దాచిన నల్లమందు తీసి, ఆవగింజంత గిల్లి, పాలలో కలిపి పట్టమంది. ఆ రోజుల్లో చెరకు కోతకు పోయే తల్లులు చాలామంది పిల్లలను అట్లాగే పడుకోబెట్టేవాళ్లు. బాపును కూడా ఆమె అట్లాగే పెంచింది.

అత్త ముందు ఎన్నడూ నోరు తెరవని అమ్మ ఆ రోజు గిన్నె పక్కకు జరిపింది. రెంజల్‌లో తన పుట్టింటి పక్కన అట్లా పడుకోబెట్టిన పసిపాప, సాయంత్రం తల్లి వచ్చి లేపితే లేవలేదట. అది చెప్పి, "నీ మాట ఎన్నడన్న కాదన్ననా అత్తా? గిదొక్కటి మాత్రం కాదంటున్న," అంది.

"నా కొడుకు మిషన్ల పడ్తే నువ్వు తెచ్చిస్తవా?" అంది నాయినమ్మ.

అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఫ్యాక్టరీలో చెరకు దించి నవీపేట వైపు ఖాళీగా పోతున్న ఎడ్లబండిని ఆపి, ఊరి చివరిదాకా ఎక్కించుకొమ్మని ముసలి రైతును అడిగింది. బండి కుదుపుకు తమ్ముడు గుడ్డ కొరుక్కుంటూనే నిద్రపోయాడు. వాణ్ణి భుజాన వేసుకుని మెల్లగా వెనక్కి నడిచాం. కోడలు బండ్లెక్కి తిరుగుతోందని వాడకట్టంతా అన్నారు. అంటే అననీ అని అమ్మ మర్నాడూ ఎక్కింది.

మూడోరోజు అమ్మ నీళ్లకు పోయినప్పుడు నాయినమ్మ ఆ నల్లటి గింజ నా అరచేతిలో పెట్టింది. వాడి నాలుక మీద రాస్తే చాలు, మీ అమ్మ కూడా ఇంత పడుకుంటుంది అని బుజ్జగించింది. నిజం చెప్పాలంటే నా చెయ్యి వాడి నోటిదాకా పోయింది. నాకూ నిద్ర కావాలి. ఏదో తినిపిస్తున్నాననుకుని వాడు ఏడుపు ఆపి నోరు తెరిచాడు.

నేను లేచి బయటికి పోయి దాన్ని మురుగునీళ్లు పారే మోరీలో పారేశాను. "నేను పెట్ట," అన్నాను. నాయినమ్మ చెంప మీద కొట్టింది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి పారేస్తానని అన్నాను.

అమ్మ వచ్చి సంగతి విని నన్ను మెచ్చుకోలేదు, ఓదార్చనూ లేదు. సందుగలోంచి నల్లమందు డబ్బీ తీసి, అత్త చూస్తుండగానే తీసుకుపోయి అదే మోరీలో గుమ్మరించింది. గొడవకు బాపు లేచాడు. అంతా విని చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"పోరన్ని ఏడ్వనియ్యి అవ్వా," అన్నాడు నాయినమ్మతో. "పండ్లు వచ్చేదాంక నేనే దోస్తు ఇంట్ల పండుకుంట."

వారానికి కింది చిగుళ్లలో రెండు తెల్లటి మొనలు కనిపించాయి. నాయినమ్మ వేలు పెట్టి చూసి, వాడు కొరికితే, "కరుస్తుండు," అని మాత్రం అంది. వాణ్ణి ఒళ్లోంచి దించలేదు.

పెద్దల మాట వినాలని తర్వాత బడిలోనూ అత్తగారింట్లోనూ చాలామంది నేర్పారు. చాలావరకు విన్నాను కూడా. కానీ నలుగురి నిద్ర కోసం నొప్పితో ఉన్న ఒక్కరి నోరు మూయమంటే, అడిగింది ఎంత పెద్దవాళ్లైనా, ఎంత ప్రేమతో అడిగినా, నా చెయ్యి ఇప్పటికీ లేవదు.