ఎత్తి తాగే నీళ్లు

ఆ రోజుల్లో దాహమనగానే జనానికి నీళ్ల ప్యాకెట్టే గుర్తొచ్చేది. పంటితో మూల కొరకడం, పీల్చడం, ఖాళీ కవరు కాళ్ల దగ్గరే వదిలెయ్యడం. అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ చూడ్డానికి వచ్చేవాళ్లు పైన బుద్ధుడికి దండం పెట్టి, కింద ఈ కవర్లు పారేసి పోయేవారు. డిగ్రీ చేసి ఖాళీగా తిరుగుతున్న నన్ను ఒక చిన్న సంస్థవాళ్లు చేర్చుకుని, యాత్రికులొచ్చే చోట హోటళ్లవాళ్ల చేత ప్లాస్టిక్ మాన్పించమని పంపారు. (అప్పటికి మా నాన్న చేత చుట్ట కూడా మాన్పించలేకపోయినవాణ్ణి.)

నా మాట ఏ హోటలువాడూ వినకపోతే, ఇక చుట్టరికమే గతి అనుకుని, కొండ కింద టిఫిన్ హోటలు నడిపే మా పెద్దమ్మ అల్లుడి మీద పడ్డాను. గ్లాసు పెడితే ఎంగిలని ముట్టరు కనక, కాచి చల్లార్చిన నీళ్లు కుండలో పోసి పక్కన చెంబులు పెడదాం, ఎవరికి వాళ్లు ఎత్తి తాగుతారు, ఎంగిలీ ఉండదు, చెత్తా ఉండదు అని లెక్చరు దంచాను. బావ చట్నీ కలుపుతూనే అంతా విన్నాడు. "ఒక్క ఆదివారం సూత్తాను బావా. పేకెట్టు లేదని బస్సోళ్లు ఎదర కొట్టుకి ఎల్లిపోతే మా ఇడ్లీలు మేవే తినాల. ఆదివారం బేరంతోనే మాకు వారం గడుత్తాది" అన్నాడు. నా ఉత్సాహం కాస్త తగ్గింది గాని, ఆదివారం రానే వచ్చింది.

బస్సు దిగినవాళ్లు నీళ్ల ప్యాకెట్లు అడిగారు. బావ నన్ను చూపించి, "నీలెలా తాగాలో మా బావ సూపిత్తాడు" అన్నాడు. కొందరు అప్పటికే ఎదురు కొట్టు వైపు తిరిగారు. నేను బల్లెక్కి, పర్యావరణం గురించి నాలుగు ముక్కలు చెప్పి, చెంబు ఎత్తాను. పుట్టి బుద్ధెరిగి గ్లాసుతో తప్ప తాగనివాణ్ణి, ఎత్తి తాగడానికీ అభ్యాసం కావాలని అప్పటిదాకా నాకు తట్టనేలేదు. పొలమారింది. నీళ్లు ముక్కులోంచి వచ్చాయి, చొక్కా తడిసింది, దగ్గుతో ఊపిరాడలేదు. పెనం దగ్గర్నుంచి అక్క పరుగెత్తుకొచ్చి, పిండి చేత్తోనే నా నెత్తి మీద తట్టి, "ఎవులో తలుసుకుంతన్నారురా తమ్ముడా" అంది. బస్సువాళ్లంతా పడీ పడీ నవ్వారు. బావ హోటలు ముంచేశాననుకుని నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు బస్సులోని ఒక మామ్మగారు నా చేతిలో చెంబు తీసుకుని, చుక్క కింద పడకుండా గటగటా తాగేసి, "ఇలా నాయనా" అన్నారు. అంతే, పిల్లలు నేనంటే నేనని ఎగబడ్డారు. చొక్కా తడవకుండా ఎవరు తాగుతారో చూద్దామని పెద్దలూ పందేలేసుకున్నారు. ఎదురు కొట్టుకి వెళ్లినవాళ్లు కూడా తమాషా చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఇడ్లీ గిన్నెలు ఖాళీ. బావ గిన్నెలు బోర్లిస్తూ, "నీ లెచ్చరు కంటే నీ దగ్గే బాగా పన్జేసింది. వచ్చే ఆదివారం కూడా వచ్చి కాసేపు పొలమారిపో బావా" అన్నాడు. చెంబులు ఆ హోటల్లో అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో, స్టీలు సీసాతో కూర్చుంటున్నాను. అప్పుడప్పుడు పొలమారుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు కంప్యూటర్లోంచి తలెత్తి "ఆర్ యూ ఓకే సార్" అంటారు గాని, నెత్తి మీద తట్టేవాళ్లెవరూ లేరు. ఎవరూ చూడకుండా నా చేత్తో నేనే తట్టుకుంటాను. బావే తలుచుకుంటున్నాడేమో, మొన్న ఆదివారం బేరం బాగుందేమో అనుకుంటాను.