గుమ్మం ముందు ఆగిన కారు

విజయనగరంలో మెకానిక్ షెడ్డు ముందు కూర్చున్నాను. పెట్రోలు వాసన గుప్పుమంది. నా కారు పరుగు మీద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర నిలబడితే చాలు, వణికి ఆగిపోతుంది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ఇంజన్‌కి గాలెల్లే దారిలో మసి పట్టేసిందమ్మా. స్పీడులో తెలీదు. నిలబెట్టి ఉంచితేనే ఆగిపోతాది," అన్నాడు. ఆ మాటకి నా ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు.

నా చిన్నప్పుడు, చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో, కారున్న ఇల్లు మాదొక్కటే. నాన్న తెల్లారగానే కొబ్బరిపీచుతో దాని టైర్లు తోమేవాడు, మమ్మల్ని మాత్రం ఎవరు తోమారో చూసేవాడు కాదు. ఎండాకాలంలో కాలిపోయే సీట్లు, డిక్కీలో ముగ్గిన జీడిమామిడి పళ్ల ఘాటు, నాయనమ్మ మూటకట్టిన పొంగడాల బెల్లం వాసన, పెట్రోలు కంపు అన్నీ కలిసి ఊపిరాడనిచ్చేవి కావు. అయినా కిటికీ పక్క చోటు కోసం పిల్లలం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం.

ఆ కారు మా గుమ్మం ముందే ఆగిపోయేది, సరిగ్గా పైడత్త ఎక్కబోయేసరికి. పైడత్త నాన్న చెల్లెలు. మొగుడు పోయాక కూతురు వరాలుతో మా ఇంట్లోనే ఉండేది. ఎదురొస్తే శకునం బాగోదని నాయనమ్మ ఆమెని అందరికంటే చివర బయటికి రమ్మనేది. కన్నతల్లే ఆ మాట అనేది. మేమంతా ఎక్కి, మూటలు సర్దుకుని, నాన్న ఇంజన్ స్టార్టు చేసి, కారు దడదడలాడుతూ నిలబడి ఉండగా, అప్పుడు అత్త తలుపు చాటు నుంచి వచ్చేది. అడుగు లోపల పెట్టేసరికి ఇంజన్ ఆగిపోయేది.

"సూసినావా, దీని పాదం," అనేది నాయనమ్మ. నాన్న దిగి, ముందు కట్టిన నిమ్మకాయ మార్చి, మళ్లీ స్టార్టు చేసేవాడు. బానెట్ మాత్రం ఎత్తేవాడు కాదు.

శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, అత్త లేకుండా వెళ్లిన రోజున కూడా ఆ కారు రైల్వే గేటు దగ్గర ఆగిపోయేది. అప్పుడు నాన్న, పెట్రోల్లో నీళ్లు కలిపారని బంకువాళ్లని తిట్టేవాడు. అత్త ఉంటే అత్త పాదం, లేకపోతే బంకువాళ్లు. ఇంతే మా ఇంటి తెలివి.

వరాలు పెళ్లి సాలూరులో, మగపెళ్లివారింట్లో. పసుపు పూసుకున్న మొహంతో, జడనిండా కనకాంబరాలతో వరాలు వెనక సీట్లో కూర్చుంది. అత్త కొత్త నేతచీర కట్టుకుని, ఎప్పట్లాగే అందరూ ఎక్కాక వచ్చి, కూతురి పక్కన కూర్చోబోయింది. ఇంజన్ ఆగింది.

"పైడీ, నువ్వు దిగిపోవే. పెళ్లి కారు. బస్సుకి రా," అంది నాయనమ్మ.

వరాలు తల్లి చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాన్న వచ్చి ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. అత్త దిగి, గోడవైపు తిరిగి నిలబడింది. ఆమె బస్సు సాలూరు చేరేసరికి పుస్తె కట్టడం అయిపోయి, తిన్న విస్తళ్లు ఎత్తేస్తున్నారు.

ఇప్పుడు ఆ కారు లేదు, పాత ఇనుములోకి పోయింది. నాయనమ్మ లేదు, నాన్న లేడు. పోయినవాళ్లని తిట్టకూడదంటారు. నేను తిడతాను. చివర రమ్మన్నది వాళ్లు, ఆమె వచ్చేదాకా కారు నిలబెట్టి ఉంచింది వాళ్లు, ఆగిపోతే నింద ఆమె మీద వేసింది కూడా వాళ్లే.

షెడ్డు నుంచి తిన్నగా పైడత్త దగ్గరికే వెళ్లాను. చింతపండు గింజ తీస్తోంది. ఆయాసపడుతూ అంతా చెప్పాను. నీ పాదం కాదు అత్తా, నిలబెట్టి ఉంచడం వల్ల ఆగేది అన్నాను.

అత్త గింజ తీయడం ఆపలేదు.

"నా పాదం కాదని నాకు అప్పుడే తెలుసే. కారన్నాక ఆగుతాది. మీ నాన్న నా కూతురి సెయ్యి ఇడదీసినాడు. దానికేటి సెప్తాడు నీ మెకానిక్కు?"