పదకొండు రోజుల తాళం

బుధవారం పొద్దున్న హౌరాలోని టికియాపారా నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా ఎలుకల గది బాబాయి మనవరాలు. "తాత పోయాడాంటీ, నిద్రలోనే," అంది. ఆ పిల్లకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. కాబట్టి నేనిక్కడ రాస్తున్నది ఎవరైనా ఆమెకు చదివి వినిపించాలి. అందరికంటే ముందు ఆమెకే తెలియాలి.

ఆయన నాకు చుట్టం కాదు. కోల్‌కతాలో నేను పనిచేసే పరిశోధన సంస్థలో, ప్రయోగాల కోసం పెంచే తెల్ల ఎలుకల గదిని ముప్పై ఏళ్ళకు పైగా చూసుకున్న మనిషి. శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చిన తండ్రికి హౌరాలో పుట్టాడు. సంస్థలో అందరికీ 'దాదా'. వరంగల్ నుంచి పీహెచ్‌డీ చేయడానికి కొత్తగా వచ్చిన నేను, ఎవరో తెలుగులో విసుక్కుంటుంటే విని ఆ గది ముందు ఆగిపోయాను. విసుక్కుంటున్నది ఒక ఎలుక మీద. ఆ రోజు నుంచి నాకు బాబాయి. చేరి వారమైనా కాకముందే నన్ను డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. అది వెక్కిరింతో దీవెనో ఆయనకే తెలియాలి.

నా మొదటి ఎలుక ఈనినప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మా ఇంట్లో కాన్పు అయితే గది, మంచం, గుడ్డలు అన్నీ కడిగి ఆరేస్తారు. నేనూ అలాగే రెండో రోజున, బాబాయి సెలవులో ఉంటే, తల్లిని పక్కకు తీసి, పెట్టెను ఫినాయిలుతో కడిగి, కొత్త రంపపు పొట్టు పోసి, వాసన లోషన్ రాసుకున్న చేతులతో పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎత్తి లెక్కపెట్టి పెట్టాను. తొమ్మిది. మర్నాడు పొద్దున్నకు ఒక్కటీ లేదు. తల్లి మూలన కూర్చుని మీసాలు తుడుచుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. పెట్టెకు తగిలించిన కార్డు మీద 'చెడ్డ తల్లి' అని రాసి, దాన్ని తీసేయమన్నాను. మా గదిలో తీసేయడమంటే చంపడమే.

బాబాయి పెట్టె మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"కడిగీసినావా?"

"అవును బాబాయ్, మంచిగ కడిగిన. అయినా అన్నింటినీ తిన్నది!"

"దానికి ఇల్లంటే వాసనేనమ్మా. నువ్వు ఇల్లు కూల్చీసి, పిల్లలికి పరాయి వాసన పూసీసి, ఇప్పుడు దాన్ని సెడ్డదంటే ఎలాగ? అయినా సంపి తిన్నాదని ఎవులు సూసినారు? సచ్చిపోయిన పిల్లని గూట్లో ఎన్నాళ్ళుంచుకుంటాది?" జేబులోంచి పెన్ను తీసి నా రాతను కొట్టేశాడు. "సెడ్డది కాదు, బయపడ్డాది. బయపడ్డ దాని మీద మచ్చ రాయకూడదు. ఇంకో కానుపు సూడు."

అప్పుడే ఆయన పద్ధతి నాకు పూర్తిగా తెలిసింది. చూలు ఎలుకను ముందే విడి గదిలో పెట్టి మగదాన్ని వేరే పెట్టెలోకి మార్చేవాడు. పాత బెంగాలీ పేపర్లు సన్నగా చింపి గూటికి ఇచ్చేవాడు. నానబెట్టిన శనగలు నాలుగు ఎక్కువ వేసేవాడు. నీళ్ళ సీసా గొట్టాన్ని రోజూ వేలితో తట్టి చుక్క పడుతోందో లేదో చూసేవాడు, ఎందుకంటే దాహంతో ఉన్న తల్లి ఏమైనా చేస్తుందట. ఈనిన తర్వాత పదకొండు రోజులు పురుడు. పెట్టె కడగడం లేదు, పిల్లల్ని ముట్టుకోవడం లేదు, ఆ గదికి తాళం. రోజుకొకసారి, అదే వేళకు, ఆయనొక్కడే లోపలికి వెళ్ళి నీళ్ళూ మేతా పెట్టి వచ్చేవాడు. అందుకోసం గదిలో మేకుకు ఒక నీలం చొక్కా ఉండేది. దానికి సబ్బు తగలనిచ్చేవాడు కాదు, పురుడు అయ్యాక ఉత్త నీళ్ళలో జాడించేవాడు. ఎలుక కంటికి ఎరుపు ఆనదని టార్చికి ఎర్ర గ్లాసు కాగితం చుట్టి దూరం నుంచి చూసేవాడు. ఆ పదకొండు రోజులూ బీడీ లేదు, తలకు వాసన నూనె లేదు. అన్నిటికంటే ముఖ్యంగా ఇలిష్ చేప, అదే మన పులస, ముట్టేవాడు కాదు. వానాకాలంలో కోల్‌కతాలో ఉండి ఇలిష్ మానడమంటే ఎంత తపస్సో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు.

"పదకొండు రోజులని ఏ పుస్తకంల ఉంది బాబాయ్?" అని ఏడిపించేదాన్ని.

"మాయమ్మ సెప్పింది. నీ పుస్తకం రాసినోడికి అమ్మ నేదేటి?"

రెండు నెలలకు గదిలో జబ్బు పాకింది. నా పరిశోధన అంతా ఒకే ఒక ఎలుకల వంశం మీద నడుస్తోంది. ఆ వంశంలో మగవి రెండు మిగిలాయి. ఆడది ఒక్కటే మిగిలింది, నేను తీసేయమన్నదే. అది మళ్ళీ ఈనిన రోజు నేను బాబాయి ముందు ఏడ్చినంత పని చేశాను. "పదకొండు దినాలు ఎవ్వరినీ రానియ్యకు బాబాయ్. నేనడిగినా తాళం తియ్యకు," అన్నాను. ఆయన తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

మూడో రోజున తనిఖీకి ఒక పెద్ద అధికారి వచ్చాడు. వెనక మా డైరెక్టరు, ఇంకో పదిమంది, బూట్ల చప్పుడు. గది ముందు బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆంతుడ్‌ఘర్, స్యార్," అన్నాడు, పురుటి గదండీ అని. "ఎగారో దిన్ పొరే ఆషున్." పదకొండు రోజులు నిండాక రండి అని.

అధికారి మొదట నవ్వాడు. తాళం నిజంగానే తియ్యడని అర్థమయ్యాక నవ్వు ఆగిపోయింది. తాళం ఎవరు వెయ్యమన్నారని డైరెక్టరు అడిగాడు. బాబాయి నా వైపు చూడలేదు, నేల చూశాడు. డైరెక్టరు నన్నడిగాడు. ఆ నెలలోనే నా ఫెలోషిప్ కాగితాల మీద ఆయన సంతకం కావాలి.

"నాకు తెలియదు సార్," అన్నాను.

సాయంత్రానికి బాబాయికి మెమో వచ్చింది. మిగిలిన ఏడాదిన్నర సర్వీసూ స్టేషనరీ స్టోర్లో చెయ్యమన్నారు. పోయే ముందు నా దగ్గరికి వచ్చి తాళంచెవి చేతిలో పెట్టాడు. "సొక్కా మేకుకుంది. తొడుక్కుని ఎల్లు. సబ్బు పెట్టకు," అన్నాడు. అంతే. తాళం తియ్యమని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అధికారి వెళ్ళిపోయాక ఆ గది ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఎనిమిది రోజులు ఆ చొక్కా తొడుక్కుని లోపలికి వెళ్ళాను. మోకాళ్ళ దాకా వేలాడేది, చెమట వాసన. నన్ను చూసి ఆ ఎలుక బెదరలేదు. ఆయనే అనుకుంది మరి. పదకొండో రోజున మూత తీస్తే బొచ్చు వచ్చిన పిల్లలు ఏడు, ఒకదాని మీద ఒకటి పడి పాలు తాగుతున్నాయి. స్టోరుకు పరిగెత్తాను. ఆయన కాగితాల కట్టలకు పురికొస కడుతున్నాడు.

"ఏడు, బాబాయ్!"

"పాలు తాగతన్నాయా?"

"తాగుతున్నయ్."

"అయితే ఇయాల ఇలిష్ తింటాను," అన్నాడు.

గదిలోంచి గెంటేసినా ఆయన పురుడు పాటించడం మానలేదన్నమాట. నేను దారిలో సిద్ధం చేసుకున్న క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది. తర్వాత చెబుదామని ఎన్నిసార్లు టికియాపారా వెళ్ళి వాళ్ళింట్లో భోంచేశానో లెక్క లేదు. నేను గొంతు సవరించుకోగానే ఆయన తన భార్యను, మా పిన్నిని, కేకేసి నాకు చారు పొయ్యమనేవాడు. ఆ ఏడింటి సంతతి మీదే నా థీసిస్ అయింది. ఉద్యోగమూ అక్కడే వచ్చింది. చెప్పడం మాత్రం కాలేదు.

బుధవారం వెళ్ళి పిన్నికి చెప్పాను. తాళం వెయ్యమన్నది నేనేనని, అడిగితే తెలియదన్నానని.

"నాకు తెల్దేటి?" అంది పిన్ని, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఆ రోజే ఇంటికొచ్చి సెప్పినాడు. ఆ గుంటకి నోరు నేదా అని నేను తిట్టినాను నిన్ను. 'బయపడ్డాదే, ఒగ్గీ' అన్నాడు మీ బాబాయి."

అక్కడ అంతమంది బెంగాలీలూ తెలుగువాళ్ళూ చూస్తుండగా నేను భోరున ఏడ్చాను.

మర్నాడు జరిగినదంతా కాగితం మీద రాసి, ఆయన పాత ఫైల్లో పెట్టమని ఇచ్చాను. ఇప్పటి డైరెక్టరు "ఇప్పుడెందుకండీ?" అన్నారు. పెట్టమన్నాను.

ఆ గది ఇప్పుడు నా చేతి కింద ఉంది. ఈ వారం ఒకటి తొలిచూలు ఈనింది. ఇవాళ నాలుగో రోజు. నీళ్ళ వేళకు తాళం తీసి, మేకు మీది నీలం చొక్కా తొడుక్కున్నాను. ఇన్నేళ్ళలో అది ఎన్నిసార్లు నీళ్ళలో నానిందో. అందులో ఇప్పుడుండేది నా వాసనే, ఆయనది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. సీసా గొట్టం వేలితో తట్టాను, చుక్క పడింది. తల్లి గూట్లోంచి తలెత్తి, నా వైపు ముక్కు చాపి కాసేపు వాసన చూసి, మళ్ళీ పిల్లల మీద పడుకుంది.