ఎల్లవ్వ తిన్న మొదటి ముద్ద

“రోజూ మాకంటె ముందు నువ్వే తింటవేంది ఎల్లవ్వా? నీకే ఆకలైతదా?”

“అవ్ బిడ్డా, నా కడుపు పెద్దది.”

మునగాల దగ్గర మా ఊరి బడిలో ఉప్మా వండే ఎల్లవ్వతో నేను మాట్లాడిన ఆఖరి మాటలు ఇవే. ఆమె ముందుగా గరిటెడు తిని, గడప మీద చాలాసేపు ఊరికే కూర్చునేది. మేము ఖాళీ పళ్లాలు మోగించేవాళ్లం. ఆ రోజు తిన్న కాసేపటికి కడుపు పట్టుకుని లేచింది. గిన్నెలోని ఉప్మా అంతా గుంటలో పోసి మన్ను కప్పింది. తిండిపోతు ముసలిది, తాను తిని మాకు లేకుండా చేసిందని ఏడ్చుకుంటూ ఇంటికి పోయాను. బడిలో తిండి దొరకలేదని మర్నాటి నుంచి అమ్మ నన్ను మిరప చేనుకు తీసుకుపోయింది. బడి ఖతం.

ఇప్పుడు కోదాడలో ఒక బడిలో నేనే వంట చేస్తున్నాను. ముందు నేను తిని, అరగంట ఆగాకే పిల్లలకు పెట్టాలని సారు చెప్పిన రోజు, ఎల్లవ్వ ఆ గడప మీద ఎందుకు కూర్చునేదో తెలిసింది. నిన్న పొద్దున ఉప్మా వాసనకు ఒక చిన్నపిల్ల వంటింట్లోకి వచ్చింది.

“అవ్వా, ముందుగాల నువ్వే తింటున్నవ్. నీకే ఆకలా?”

“అవ్ బిడ్డా, నా కడుపు పెద్దది,” అన్నాను.

నేను చెప్పిందంత రాసినవా లతా, నా మనవరాలా? జర సదివి ఇనిపియ్యి. ఎల్లవ్వ పేరొచ్చిన కాడ మెల్లగ సదువు.