కాక రాసిన మొదటి రిపోర్టు

మొన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే కాక పోయాడని కబురొచ్చింది. నాకాయనతో చుట్టరికం ఏమీ లేదు. గోదావరిఖనిలో మా బొగ్గుబావి దిగిన ప్రతివాడికీ ఆయన కాకే. నేనివాళ నలుగురికి పని చెప్పే చోట ఉన్నానంటే ఆయన పెట్టిన భిక్ష.

గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. కర్రతో కప్పును తట్టి, మోత విని, పగులెక్కడుందో చెప్పేవాడు. షిఫ్టుకు ముందు కప్పూ గాలీ చూసి మనుషుల్ని లోపలికి పంపేవాడే సర్దార్. సర్దార్ కావడానికి పాసవ్వాల్సిన పరీక్షకు మమ్మల్ని తయారు చేసింది కాకే. నేను పాసయ్యాను, నా వెనకే ఇంకో ఆరుగురు. కాక మాత్రం రెండుసార్లు తప్పాడు. అడిగినవన్నీ చెప్పాడు గానీ, రిపోర్టు రాయమంటే ఆయనకు అక్షరం ముక్క రాదు.

"ఊరోళ్లందరికి నేర్పి నువ్వు దుంగల కాన్నే ఉంటివి" అని ఆయన భార్య, మేమంతా చిన్నమ్మా అని పిలిచేదాన్ని, నా ముందే దెప్పింది.

"నా నెత్తిమీది కప్పు సూసేటోళ్లు నేను నేర్పినోళ్లే గదనే. నాకేం ఫికర్?" అన్నాడు కాక.

నాకు సిగ్గేసింది. ఆయన దగ్గర నేర్చుకుని ఆయన మీదే హుకుం నడుపుతున్నాను మరి! ఏడుగురం వంతులు వేసుకున్నాం. రోజూ షిఫ్టుకు ముందు బొగ్గు మోసే ఇనుప టబ్బు మీద సుద్దముక్కతో రాసి దిద్దించాం. తుడవడం మరిచిపోతే గుణింతాలు కూడా బావిలోకి దిగి బొగ్గుతో తిరిగొచ్చేవి.

"గింత ముసలోనికి అ ఆలేందిరా?" అనేవాడు.

"మేం తప్పినప్పుడు నువ్వు ఇడిసిపెట్టినవా కాకా? దిద్దు!"

మూడోసారి పాసయ్యాడు.

సర్దారుగా మొదటి షిఫ్టు ముగిశాక రిపోర్టు రాయడానికి ఆఫీసు గదిలోకి వెళ్లాడు. మూడు ముక్కలకు అరగంట పట్టింది. మేమంతా మసి మొహాలతో బయటే నిలబడ్డాం, ఒక్కడూ ఇంటికి పోలేదు. చివరికి కాక వచ్చాడు, చేతిలో రిపోర్టు పుస్తకంతో సహా. అది గది దాటకూడదు. వెనకే గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు.

"కాకా, అది ఆఫీసు బుక్కు! ఎటు కొంచవోతున్నవ్?"

"ఆగు బిడ్డా, వీళ్లకు సూపెట్టి ఇస్త."

ఎండలో నిలబడి, అక్షరం కింద వేలు జరుపుతూ, గొంతెత్తి చదివాడు: "కప్పు మంచిగున్నది. గాలి మంచిగున్నది. మనుషులందరు క్షేమం."

మా సంతోషం ఇంతా అంతా కాదు. "ఇంకోపారి కాకా!" అని అరిచాం. మళ్లీ మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. ఈసారి గుమాస్తా కూడా చాచిన చేయి దించి విన్నాడు.