ఆర్మూరు పసుపు కళ్లంలో రాజవ్వ పెట్టిన పరీక్ష

పసుపు కాలంలో ఆర్మూరు వెళ్లి, అక్కడి ఆడవాళ్ల పనిపాటలు పిల్లలకు వినిపించాలనుకునే టీచర్లు ఎవరైనా ఉంటే ఇది వాళ్ల కోసం. నేను వెళ్లింది తొంభైల మొదట్లో. ఊరు చూడ్డానికి కాదు, ఒళ్లు మండి వెళ్లాను. అప్పట్లో నిజామాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. శనివారం చివరి పీరియడ్‌ను బతిమాలి తీసుకుని, పిల్లల చేత ఇంట్లో మాట్లాడే మాటలే క్లాసులో మాట్లాడించేదాన్ని. వాళ్ల ఊళ్ల కథలు, పాటలు చెప్పించేదాన్ని. సెకండియర్ చదివే సుజాత తన నాయనమ్మ రాజవ్వకు పసుపు పాటలు బోలెడు వచ్చని చెబితే, ఆమెను ఆర్మూరు నుంచి కాలేజీకి పిలిపించాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

స్టేజీ మీద కుర్చీ వేసి, ముందు మైకు పెట్టి, పాడమన్నాం. ఎండిన పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే ఇనుప డ్రమ్మును తిప్పుతూ పాడే పాట అది. డ్రమ్ము లేదు కాబట్టి రాజవ్వ కుడిచెయ్యి గాలిలోనే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె పట్టించుకోకుండా "పెయ్యి నిండ పసుపాయె, పేరేడ వాయె?" అని ఎత్తుకుంది. మా వైస్ ప్రిన్సిపాల్ లేచి మైకు లాక్కున్నారు. "పెయ్యి కాదు, శరీరము అనాలి. అందరూ సరిగ్గా రాసుకోండి" అన్నారు. ఆయనేమీ పరాయి మనిషి కాదు. ఆర్మూరు దారిలోని మాక్లూర్ పక్క ఊళ్లో పుట్టి పెరిగినవాడు. జ్వరమొస్తే వాళ్లమ్మ కూడా పెయ్యి కాలుతోందనే అని ఉంటుంది. తర్వాత ఆయనే శాలువా కప్పి ఆమెను పంపేశారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. మర్నాటి నుంచి సుజాత కాలేజీకి రావడం మానేసింది. పబ్లిక్ పరీక్షలకు ఇరవై రోజులే ఉన్నాయి.

వారం గడిచాక ఆదివారం నాడు, అందరికంటే గట్టిగా నవ్విన తొమ్మిది మందిని వెంటబెట్టుకుని ఉదయం ఆరింటి బస్సెక్కాను. మాక్లూర్ మీదుగా గంట ప్రయాణం. టికెట్ మనిషికి ఐదు రూపాయల లోపే. ఆర్మూరు దగ్గరపడుతుంటే నల్లటి గుండ్ల గుట్టలు కనబడతాయి, వాటికంటే ముందే ఉడికిన పసుపు వాసన కిటికీలోంచి వస్తుంది. బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో టీ తాగుతూ రాజవ్వ కళ్లానికి దారి అడిగాను.

"గా ముసలామెనా? కాలేజోళ్లు పిలిచి ఇజ్జత్ తీసిండ్రట గదా" అన్నాడు హోటలాయన.

"ఆ కాలేజీ వాళ్లం మేమే."

ఆయన నన్నూ పిల్లల్నీ ఒకసారి చూసి, "గుట్ట ఎన్కకు సక్కగ పోండ్రి" అని గ్లాసులు కడుక్కోవడంలో పడ్డాడు. అక్కడి నుంచి నడిస్తే ఇరవై నిమిషాలు.

కళ్లంలో రెండు వైపులా పిడులున్న డ్రమ్మును రాజవ్వ, సుజాత ఎదురెదురుగా నిలబడి తిప్పుతున్నారు. పసుపు దుమ్ము ముక్కులోకి పోకుండా రాజవ్వ మా కాలేజీ శాలువాను మొహానికి చుట్టుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ శాలువా అక్కరకొచ్చిన చోటు అదొక్కటే. సుజాత నన్ను చూసి తల దించుకుంది.

"పిల్లను తీస్కపోతందుకు వచ్చినవా?" అంది రాజవ్వ.

"ముందు క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

"ఉత్తగ నిలవడి మాట్లాడుడు ఈడ నడ్వది బిడ్డా. గిది పట్టుండ్రి."

అక్కడ ఒక పద్ధతి ఉంది, సుజాతే చెప్పింది. డ్రమ్ము పిడి కొత్తగా పట్టినవాళ్లు ఆ పాటకు తమ సొంత వరుస, అంటే ఒక చరణం, కలపాలి. తమ ఇంటి సంగతి, తమ నోటి మాటల్లో. కలిపేదాకా ఆ పిడిని వాళ్ల చేతిలోంచి ఎవరూ అందుకోరు. ఏళ్ల తరబడి శనివారాలు నేను బోర్డు మీద గీతలు గీసి చెప్పలేకపోయిన పాఠం అది. ముందు ప్రసాద్ పట్టాడు. స్టేజీ ముందు అందరికంటే ముందు నవ్వింది వాడే. పది నిమిషాలు తిప్పాడు, చేతులు బొబ్బలెక్కాయి. చివరికి "మా నాయిన లారీ వాయె, మాటేడ వాయె?" అన్నాడు. వాళ్ల నాన్న లారీ డ్రైవరని నాకు అప్పటిదాకా తెలియదు. రాజవ్వ తల ఊపింది. ఇంకొకడు పిడి అందుకున్నాడు.

తొమ్మిది మందీ అయ్యాక నా వంతు వచ్చింది. ఎంఏ తెలుగు, గోల్డ్ మెడల్. "స్వర్ణకాంతుల పసుపు..." అని మొదలుపెట్టాను.

"గిదెవలి పాట?" అంది రాజవ్వ. "నీది పాడు."

నేను పుట్టింది ఆర్మూరు దగ్గరి ముప్కాల్‌లో. మా అమ్మ నాట్లేస్తూ పాడుతుంటే గట్టు మీద కూర్చుని విన్నదాన్ని. అయినా ఒక్క మాట రాలేదు. చదువుకుంటూ ఆ మాటలన్నిటినీ నేనే కడిగేసుకున్నాను. వైస్ ప్రిన్సిపాల్ ఒక్క పాటే దిద్దారు, నేను నన్ను మొత్తంగా దిద్దుకున్నాను. ఆయన మీద వారం రోజులుగా పళ్లు నూరుతున్న కోపమంతా అక్కడ నా మీదికి మళ్లింది. భుజాలు లాగేస్తున్నాయి. పిడి అందుకోవడానికి ఎవరూ రాలేదు.

డ్రమ్ము ఆగకుండానే రాజవ్వ అడిగింది: "గా సారు నా పాట దిద్దంగ నువ్వేం జేసినవ్ బిడ్డా?"

"పక్కన కూర్చున్నాను."

"గదే పాడు."

పిడి తిప్పుతూనే ఉన్నాను. రెండు చుట్లు తిరిగాక పాడాను: "పక్కనే నే గూసుంటి, నోరేడ వాయె?"

ఎవరూ నవ్వలేదు. సుజాత వచ్చి నా చేతిలోంచి పిడి అందుకుంది. మధ్యాహ్నం అందరికీ జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు పెట్టారు. బయల్దేరేటప్పుడు రాజవ్వ అంది: "పిల్లను రేపు తోలుత. మల్ల ఎవలన్న దాని మాట దిద్దితే నువ్వు ఊకోవద్దు."

సోమవారం నా వరుసను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. మొదటి బెంచీలో సుజాత ఉంది. వైస్ ప్రిన్సిపాల్ గుమ్మంలో ఆగి, ఇదెవరు రాశారని అడిగారు. "నేనే సార్, నా గురించే. తప్పుంటే దిద్దండి" అని చాక్‌పీసు అందించాను. ఆయన తీసుకోలేదు. వారం తిరక్కుండా నా శనివారం పీరియడ్ మాత్రం తీసి లెక్కలకు ఇచ్చేశారు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని నాకు లేదు కూడా. ఆ తర్వాత ఆ క్లాసు ఆదివారాలు ఆరింటి బస్సులోనూ, కళ్లాల్లోనూ జరిగింది. సుజాత పరీక్షలు రాసింది. నోటి మాటకు దూరమైనవాళ్లం నోటి పాటలకు గౌరవం చేద్దామని శాలువాలు కొంటాం. రాజవ్వకు కావలసింది పక్క కుర్చీలోంచి ఒక్క మాట.

వెళ్లేవాళ్లకు ఒక సలహా. బయల్దేరే ముందే మీ ఇంటి మాటల్లో, మీ గురించే ఒక నిజమైన వరుస కట్టుకోండి. అది లేకుండా వెళ్తే మధ్యాహ్నం దాకా పిడి మీ చేతిలోనే ఉంటుంది.