చప్పుడు వినబడని ఆఫీసు

అప్పట్లో నేను భయపడటం కూడా ఒక పద్ధతి ప్రకారం భయపడేవాణ్ణి. ఆ రోజు ఏమేం తప్పిపోవచ్చో మనసులో వరుస పెట్టుకుంటే తప్ప పొద్దున టీ గొంతు దిగేది కాదు. వికారాబాద్‌లో భవనాల నక్షాలు గీసే మా సారు దగ్గర కొత్తగా చేరాను. మొదటిసారి నాకొక్కడికే అప్పగించిన పని తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్. ముందు ఆఫీసు, వెనక మిషన్లు. దాని సేటు పాత షెడ్డులో ఫోన్ మోగినప్పుడల్లా ఒక చెవి మూసుకుని రోడ్డు మీదికి పరుగెత్తేవాడు. "గీ లొల్లిల గిరాకీతోని మాట్లాడుడు నాతోని గాదు ఇంజనీర్ సాబ్. కొత్త ఆఫీసుల ఫోన్ మంచిగ ఇనబడాలె, గంతే" అన్నాడు. మా సారు ఇంకా క్లుప్తంగా చెప్పారు: "ఆఫీసుల మిషన్ సప్పుడు ఇనబడ్డదో, ఇంకో నౌకరి చూస్కో."

ఇక నేను ఆగుతానా? మధ్య గోడను రెండు గోడలు చేసి, నడుమ ఖాళీలో దూదిలాంటి మెత్తని పలకలు నింపించాను. అదురు నేల గుండా వచ్చేస్తుందేమోనని మిషన్ల పునాదిని ఆఫీసు పునాదికి తగలనివ్వలేదు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. మిషన్ల వైపు కిటికీ ఊసే లేదు. (మేస్త్రీ "గిదేమన్న బ్యాంకా సార్?" అన్నాడు. నేను నవ్వలేదు. నవ్వే తీరిక ఎక్కడిది?)

ప్రారంభం రోజు కొబ్బరికాయ కొట్టి మిషన్లన్నీ నడిపించారు. నేను ఆఫీసులో గోడకు చెవి ఆనించాను. నా గుండె తప్ప ఇంకేదీ వినబడలేదు. ఉద్యోగం నిలిచిందనుకున్నాను. సేటు కుర్చీలో కూర్చున్నాడో లేదో లేచాడు. "మిషన్ బందయిందా?" లేదన్నాను. వెళ్లి చూసొచ్చాడు. మళ్లీ లేచాడు. "కరెంటు గిట్ల పోయిందా ఏంది?" నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇంతలో పరిగి నుంచి బండలు కొనే గిరాకీ ఒకడు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో ఖంగుమని వినబడింది: "ఏం సేటూ, మిషన్లు బంద్ వెట్టినవా? సప్పుడే లేదు. నా బండలు ఇప్పట్ల రావన్నట్టు! ఇంకో కాడ చూస్కుంటం తియ్." సేటు ఫోన్ పట్టుకుని ఈసారి మిషన్ల వైపు పరుగెత్తాడు. "ఇను! ఇనబడుతున్నదా?" అని అరుస్తూ.

మర్నాడే కబురు. "గోడకు జర కిటికీ గొట్టియ్యి సాబ్. మస్తు పరేషానైతున్న."

"మా సారు ఒప్పుకోరండీ."

"గీడ గూసునేది మీ సారా, నేనా?"

కిటికీ కొట్టించాం. చప్పుడు ఆఫీసు నిండా పొంగింది. సరిగ్గా అప్పుడే మా సారు పని చూడటానికి వచ్చారు. నా వైపు తిరిగి ఏదో అన్నారు. పెదవులు కదిలాయి గానీ మాట వినబడలేదు. (ఆ చప్పుడు వల్ల నాకు కలిగిన మొదటి లాభం.) సేటు మాత్రం లేచి గొంతు చించుకున్నాడు: "మీ పిలగాడు కమాల్ జేసిండు సార్! మిషన్ ఆగితే నాకు కుర్సీలకెల్లే ఎరుకైతది! ఫికర్ లేదు!" సారు కిటికీని చూశారు, సేటు ముఖాన్ని చూశారు. రోడ్డు మీదికొచ్చాక, "మర్పల్లిల ఒక మిల్లు పని వచ్చింది. రేపు జల్ది రా" అన్నారు. అంతే.

ఇప్పుడు నాకే ఒక ఆఫీసు ఉంది. తాండూరు వెళ్లినప్పుడల్లా ఆ యూనిట్ ముందు బైక్ ఆపుతాను. మొన్నొకసారి అంతా నిశ్శబ్దంగా ఉంది. ఏమైందోనని ఎండలో అలాగే నిలబడ్డాను. కరెంటు వచ్చి మిషన్లు గుర్రుమనగానే నాకు తెలియకుండానే "అమ్మయ్య" అనేశాను. చప్పుడు రాకూడదని గోడకు చెవి ఆనించిన ఆ కుర్రాడు అక్కడుంటే, నన్ను చూసి ఏమనుకునేవాడో!